నాన్న గ్లాసు పరీక్ష

సునామీ తర్వాత కొన్నాళ్ళు ఓడలు సరిగ్గా రాలేదు. మా దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో, మా నాన్న మందుల షాపులో అమ్మ వేసుకునే ఫిట్స్ మాత్రలు అయిపోయాయి. సహాయం పెట్టెల్లో అదే మందు వచ్చింది గానీ కంపెనీ వేరు. నేనప్పుడు విశాఖలో ఒక మాత్రల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. వీళ్ళెలా ఉన్నారో అని మనసాగక వచ్చేశాను.

కొత్త కంపెనీ సరుకు ఏదొచ్చినా నాన్న ఒక మాత్ర గ్లాసు నీళ్ళలో వేసి చూసేవాడు. విడిపోతే "అచ్ఛా మాల్!", మంచి సరుకే అనేవాడు. కొనేవాళ్ళు కూడా "గ్లాసులో వేశారా భయ్యా?" అని అడిగి మరీ తీసుకునేవారు. అమ్మ మాత్ర కూడా అలాగే వేశాడు.

"చూడవే, ఇట్టే కరిగిపోయింది!" అని మురిసిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. "కరగడమా నా మొహమా! పొడి అయింది, అంతే. అడుగున తెల్లగా పేరుకుంది చూడు."

తర్వాత కాస్త తగ్గి, వివరంగా చెప్పాను. "నీళ్ళలో బాగా కరిగి, పేగు గోడ దాటి రక్తంలోకి సులువుగా చేరే మందనుకో. కొత్త మాత్ర కూడా పాతదాని లాగే త్వరగా కరుగుతుందని ల్యాబులో చూపిస్తే చాలు, మనుషులకిచ్చి రక్తపరీక్షలు చేసే పని మాఫీ చేస్తారు. అమ్మ మందు పేగు దాటుతుంది గానీ నీళ్ళలో సరిగ్గా కరగదు. పైగా రక్తంలో కాస్త తగ్గితే ఫిట్స్, కాస్త పెరిగితే తూలిపోవడం. ఇలాంటిదానికి మాఫీ లేదు నాన్నా, రక్తంలోకి ఎంత చేరుతుందో మనుషుల్లోనే చూడాలి."

నాన్న ముఖం వాడిపోయింది. "అయితే అసలొద్దు. పాతవొచ్చేదాకా మానేద్దాం" అని మాత్రల అట్ట సొరుగులో పడేశాడు.

మందు ఆపితే ఇంకా ప్రమాదం! ఆయన్ని లాక్కుని సహాయ శిబిరంలోని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "ఆపొద్దు, ఇవే వెయ్యండి. కానీ మనిషిని కనిపెట్టుకుని ఉండండి. తూలినా, మాట ముద్దగా వచ్చినా తీసుకురండి, రక్తం చూద్దాం" అందావిడ.

అమ్మ మాత్ర మింగింది. నాన్న షాపు మూసేసి, అమ్మ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ బియ్యం ఏరుతున్నా చూపు తిప్పడు, పొయ్యి దగ్గరికెళ్తే కుర్చీ కూడా అక్కడికే.

అమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "పెళ్ళిచూపుల్లో కూడా ఇంతసేపు చూడలేదు కదయ్యా మీరు!"

నేను పకపకా నవ్వాను. నాన్న నవ్వలేదు.

"ఆ రోజు నువ్వు పోతావన్న భయం లేదే" అన్నాడు.