అబిడ్స్‌లో నా టైర్ల గాలి

రాళ్లబాటల మీద తొక్కే సైకిలుకు కుదుపు తగలకుండా టైర్లలో గాలి తక్కువ ఉండాలి. రాజమండ్రిలో కొలిచి మరీ తగ్గించుకుని, గండిపేట అవతలి మట్టిదారుల కోసం సైకిలును రైల్లో తెచ్చుకున్నాను. ఆ ఆదివారం పొద్దున నాంపల్లి స్టేషన్లో దిగి, టిఫిన్ కోసం అబిడ్స్ చేరేలోపే "అన్నా, గాలి లేదు!" అని నలుగురు అరిచారు. నలుగురికీ ఓపిగ్గా పాఠం చెప్పాను.

పోస్టాఫీసు దగ్గర పంక్చర్లు వేసే ముసలాయన ఏకంగా హ్యాండిల్ పట్టుకున్నాడు.

"గిట్ల పోతే రిమ్ము ఖరాబైతది బిడ్డా. దిగు."

"కావాలనే తగ్గించానండీ. నేను వెళ్లేది రాళ్లబాట."

"రాళ్లబాటనా? గట్లయితే ఇంకా గట్టిగుండాలె!"

పక్కన పాత పుస్తకాలు పరుస్తున్న ఆయన కూడా తలెత్తాడు. "తాత మాట ఇను అన్నా."

నా సన్నటి వాల్వుకు ముసలాయన పంపు సరిపోలేదు. బతికాననుకున్నాను. ఆయన రేకుడబ్బా బోర్లించి, అరగంట వెతికి, సరిపోయే ఇత్తడి ముక్క తీశాడు. చెమటలు కారుతుంటే రెండు టైర్లూ రాయిలా అయ్యేదాకా కొట్టి, అరచేత్తో చరిచాడు.

"ఇగ ఫికర్ లేదు. ఏడికన్న పో."

మట్టిదారి ఎక్కాక ప్రతి రాయీ నా వెన్నులో దిగింది. గాలి తీసేద్దామని రెండుసార్లు ఆగాను. వాల్వు మీద వేలు పెట్టగానే ఆ చెమట గుర్తొచ్చేది. తిట్టుకుంటూ మళ్లీ ఎక్కాను.

సాయంత్రం నాంపల్లిలో నడుం పట్టుకుని, కుంటుతూ సైకిలు నడిపించుకొస్తుంటే మాత్రం ఏమైందని ఒక్కరూ అడగలేదు. టైర్లు బాగానే ఉన్నాయి కదా!