పగులులో పసుపు గీత

మా పక్కింటి మామ్మగారు మొన్న మంగళవారం కన్నుమూశారు. ఆవిడ కూతురు మా గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో ఓదార్పు మాట ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆమె చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఇక్కడ ఈ పరాయి దేశంలో, సార్నియా ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళకు కూడా ఆవిడ తెలియకపోవచ్చు. డెన్మార్క్ నుంచి తొమ్మిదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఓడెక్కి వచ్చిన మనిషి. నేనేమో ఎనిమిదో తరగతితో బడి మానేసి, పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చినదాన్ని. మావారు కారు తీసుకుని ప్లాంటుకు వెళ్ళిపోతే నేను నడిచి వెళ్ళగలిగిన ఇల్లు ఆవిడదొక్కటే. ప్రతి గురువారం వెళ్ళేదాన్ని.

నేను మాట కోసం వెతుక్కుంటుంటే ఆవిడ అందించేవారు కాదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కాఫీ చల్లారిపోయినా సరే, ఆగేవారు.

"చిన్నప్పుడు బళ్ళో నా మాటలన్నీ ఎవరో ఒకరు పూర్తి చేసేసేవాళ్ళు. నేను చెప్పాలనుకున్నది అది కాదు," అన్నారొకసారి.

నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషూ ఆ ఓపిక పుణ్యమే.

ఆవిడ గోడ మీద ఒక పింగాణీ ప్లేటు వేలాడుతూ ఉండేది. తెలుపు మీద నీలిరంగు వంతెన, కింద ఏదో సంవత్సరం, అంచు నుంచి మధ్యదాకా వెంట్రుకంత పగులు. మా పుట్టింట్లో మంచి కంచాలు గోడ అలమరలో వరసగా నిలబెట్టి, పెద్దవాళ్ళు వస్తే దించేవాళ్ళం. ఇదీ అలాంటిదే అనుకున్నాను.

ఒక గురువారం స్టీలు డబ్బాలో పులిహోర తీసుకెళ్ళాను. ఆవిడ లోపల ఫోన్లో మాట్లాడుతున్నారు. ఆ ప్లేటు కడిగి బల్ల మీద పెట్టి ఉంది. ఇవాళ దించారు కదా అని వేడివేడిగా నిండుగా వడ్డించేశాను.

ఆవిడ వచ్చి చూసి ఒక్క క్షణం ఆగిపోయారు. తర్వాత కూర్చుని, మెతుకు మిగల్చకుండా తిని, "టక్ ఫర్ మాద్" అన్నారు. వాళ్ళ భాషలో, భోజనానికి థాంక్స్ అని. నేను అరటిపండు ఒలిచి ఇచ్చినా అదే అనేవారు.

కడుగుతుంటే కనిపించింది, పగులు పొడుగునా పసుపు గీత. ఎంత తోమినా పోలేదు.

"మా ఊళ్ళో వంతెన తెరిచినప్పుడు గుర్తుగా చేసిన ప్లేటు. అమ్మ తెచ్చుకుంది," అన్నారు మెల్లగా. "దీంట్లో ఎవరూ తినలేదు, ఇవాళ నేను తప్ప."

సారీ అయినా చెప్పకుండా నా డబ్బా తీసుకున్నాను. ఇంటికి వచ్చేశాను.

"తిట్టిందా?" అన్నారు మావారు.

"లేదు."

"మరి ఏడుపెందుకు?"

"తిట్టలేదనే. ఇంక ఏ మొహం పెట్టుకుని వెళ్తానండీ?"

"ఒక ప్లేటుకేనా! ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడదాంలే."

"వాళ్ళమ్మ తెచ్చింది ఆన్‌లైన్‌లో దొరుకుతుందా?"



రెండు గురువారాలు వెళ్ళలేదు. ఉన్న ఒక్క తలుపూ నా చేత్తో నేనే మూసుకున్నాననిపించింది. మూడో గురువారం వాకర్ తోసుకుంటూ ఆవిడే వచ్చారు. వాకర్ బుట్టలో తువ్వాలు చుట్టిన ప్లేటు. ఎండలో పెడితే పసుపు మరక పోతుందని, రెండు రోజులు నాకిస్తే కిటికీలో పెడతానని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆవిడ చివరిదాకా ఆగారు.

"వద్దు," అన్నారు. "అమ్మ తన ఉన్ని లంగాలో చుట్టి తెచ్చినా ఈ పగులు ఓడలో పడింది. పగిలినదాన్ని ఎందుకు మోస్తావని నాన్న అంటే, మనతో వచ్చింది కదా, ఉండనీ అంది. పగులు సముద్రం పెట్టింది, పసుపు నువ్వు పెట్టావు. రెండూ ఉండనీ." తర్వాత నవ్వి, "ఆ పచ్చటి అన్నం మాత్రం ఇకమీద నీ స్టీలు డబ్బాలోనే ఉంచు," అన్నారు.

అప్పట్నుంచి ఇంటికి ఎవరొచ్చినా ఆ గీత చూపించి, "ఇది మా పక్కింటి అమ్మాయి," అనేవారు. నేను సిగ్గుతో వంటింట్లోకి పారిపోయేదాన్ని. తప్పు చేసిన చోటే నాకు పీట వేసిన మనిషి ఆవిడ.

మొన్న కూతురు వచ్చినప్పుడు ఆమె చేతిలో అదే తువ్వాలు ఉంది. "నీకివ్వమంది అమ్మ," అంది.

మావారు మేకు, సుత్తి తెచ్చారు. "కిటికీ ఎదురుగా కొడతా, వెలుగు బాగా పడుతుంది."

"అక్కడొద్దండీ. ఎండ తగులుతుంది."

వంటింటి పక్కన, ఏ పూటా ఎండ రాని గోడకు తగిలించాం. నీలి వంతెనకు అడ్డంగా పసుపు గీత, ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది.