ఓదెలు హాలుకు కట్టిన దిష్టిబొమ్మ

తూంకుంట కాడి హాలు సగంల ఆగిపోయిందని, కాంట్రాక్టరు పారిపోయిండని అంటున్నరు గదా? ఉత్తముచ్చట. హాలు అయిపోయి ఏడాది దాటింది. పాటకచేరీలు, మీటింగులు మస్తుగ అయితున్నయి. గోడలకు సిమెంటు పూత లేదంటే, అది గట్లనే కట్టిన్రు. కాంక్రీటు పోత పోసినప్పటి చెక్కల గీతలు గోడ మీద కనబడాలెనట, గదే దాని అందమట.

గీ పుకారుకు కారణమెవరో ఎరికేనా? మన ఓదెలే! గిప్పుడు గా హాలుకు వాచ్‌మన్, అంతకుముందు గక్కడనే మేస్త్రీ. గోడలు లేస్తుంటే ముందట దిష్టిబొమ్మ కట్టిండు. గడ్డి కడుపు, తన పాత లుంగీ, కోరమీసాలు. సున్నమేసినంక గదా ఇప్పేది! సున్నం పడలే, బొమ్మ దిగలే. రోడ్డు మీద పోయేటోళ్లు బొమ్మను జూసి "ఇంకా కడుతున్నరు" అనుకునుడే.

"సారూ, రంగెప్పుడు?" అని నక్షా గీసిన సారునడిగిండు.

"ఇదే రంగు ఓదెలూ" అని సారు నవ్విండు. పాపం, రంగుకు పైసల్లేని బాధ చెప్పుకోలేక నవ్వుతాండనుకున్నడు ఓదెలు.

ఇగ అసలు పరేషాన్. ఓదెలు బిడ్డ వినోద ఆదివారం గా హాల్ల పాడాలె. "పెదబాపు ముందట కూసోకుంటే నేను పాడ" అన్నది. పెదబాపంటే ఓదెలు అన్న గాలయ్య, అత్వెల్లిల ఉంటడు. వినోదకు పాట నేర్పింది ఆయననే. ఓదెలు పోయి పిలిచిండు.

"కట్టుడు అయిపోని దాంట్ల పిల్లతోని పాడిస్తవారా? బొమ్మ ఇంకా ఏలాడుతాంది."

"అయిపోయిందన్నా!"

"అయితే ఇప్పు మరి."

ఇప్పితే హాలుకు దిష్టి, ఇప్పకుంటే అన్న రాడు. ఇంటికొచ్చి భార్య వజ్రమ్మకు చెప్పుకున్నడు.

"గా లుంగీ గంత పెద్ద హాలును కాస్తాందా? కట్టుకున్నన్ని రోజులు నిన్నే కాయలే" అన్నదామె.

తెల్లారి ఓదెలు నిచ్చెనేసుకొని, గోడకు దండం వెట్టి, బొమ్మను దించిండు.

ఆదివారం గాలయ్య వచ్చిండు. ముందట కూసోమంటే ఇనలే. "గంత దూరం ఇనవడ్తదా సూస్త" అని ఆఖరి వరుసకు పోయిండు. వినోద స్టేజెక్కి సూస్తే ముందటి కుర్చీ ఖాళీ. పాటెత్తక పెదబాపు కోసం ఎతకవట్టింది. గాలయ్య కూసున్నకాడనే, తనలో తాను గొణుక్కున్నట్టు, "పాడు బిడ్డా" అన్నడు. వంపులు తిరిగిన హాలు పైకప్పు ఏం జేసిందో గాని, మాట నేరుగ పోయి స్టేజి మీద పడ్డది. వినోద ఫక్కుమని నవ్వి, పాటెత్తుకున్నది.

కరీంనగర్ రోడ్డు మీద పోతే జర ఆగి ఓదెలును పలకరించున్రి. వచ్చినోళ్లందరినీ ఆఖరి వరుసల కూసోవెట్టి, తను స్టేజెక్కి గుసగుసలాడుతాండు. ఇనవడ్డదని చెప్పున్రి. లేకుంటే పోనియ్యడు.