మునెమ్మకు పెట్టిన చీర

తను చచ్చిపోయిన సంగతి మునెమ్మకు ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసింది. అప్పుడామె చేతిలో కాఫీ గ్లాసుల పళ్ళెం ఉంది.

హోసూరులో, ఫ్యాక్టరీ బస్సులు ఆగే వీధి చివర, రేకుల కప్పున్న ఒంటిగది ఇల్లు. శోభనను చూడటానికి కృష్ణగిరి నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి ఆదిలక్ష్మమ్మ చాప మీద కూర్చుని ఉంది. పళ్ళెం అందుకోవలసిన చేతులతో ఆమె మునెమ్మ ముంజేయి పట్టుకుంది.

"కూర్చోమ్మా అమృతా. మీ చెల్లెలు అంతా చెప్పింది. మీ అమ్మ మునెమ్మ పోయినప్పుడు నీకు పదహారేండ్లే కదా. ఆ వయసులో తల్లివై ఈ బిడ్డను సాకినావు. నీ మాదిరి అక్క యాడ దొరుకుతుంది."

మునెమ్మ శోభన వైపు చూసింది. శోభన కిటికీ వైపు చూసింది. కిటికీలో ఎదురింటి గోడ తప్ప ఏమీ లేదు. గ్లాసుల్లో కాఫీ మీద మీగడ మెల్లగా ముడతలు పడింది.

ఏదో ఒకటి అనాలి గనక, "శానా మంచిది మా అమ్మ," అంది మునెమ్మ.

నలభై ఏళ్ళ మునెమ్మ, ఇరవైయెనిమిదేళ్ళ అమృత ఒకే మనిషి. శోభన ఆమెకు చెల్లెలు కాదు. కడుపున పుట్టిన కూతురు.

మునెమ్మ పుట్టింది రాయకోట కొండ కింద పల్లెలో. అక్కడ తెల్లవారడమంటే టమాటా ఆకుల పసరు వాసన. ఆ పసరు వేళ్ళకు నల్లగా పట్టి, సబ్బుతో రుద్దినా వదలదు. పదిహేడేళ్ళకు పెళ్ళి, ఏడాది తిరిగేసరికి బిడ్డ. మొగుడు కుమారేశన్ టమాటా లారీతో మైసూరు మార్కెట్టుకు వెళ్ళేవాడు. ఒక కోతల కాలంలో లారీ తిరిగి వచ్చింది, అతను రాలేదు. అక్కడ అతనికి ఇంకో ఇల్లుందని, ఆ ఇంట్లో పిల్లలు కూడా ఉన్నారని డ్రైవరు తల వంచుకుని చెప్పాడు. ఆ పూట ఇంకా రెండు సాళ్ళు కోయాలి. మునెమ్మ వెళ్ళి కోసింది.

శోభన ప్లస్ టూ ముగించి, ఫోన్లకు భాగాలు బిగించే ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. కూతుర్ని హాస్టల్లో దింపడానికి మునెమ్మ సంచి మోసుకుని వచ్చింది. గేటు దగ్గర కాంట్రాక్టరు సెల్వరాజ్ ఆమెను చూశాడు. సన్నటి ఒళ్ళు, చిన్న మొహం, నూనె పెట్టి బిగించిన జడ.

"మీ అక్కనా? అక్కను కూడా చేర్చేయమ్మా. పనికి మనుషులు చాలడం లేదు."

శోభన పకపకా నవ్వింది. "అక్క కాదన్నా, మా అమ్మ."

సెల్వరాజ్ మళ్ళీ చూశాడు, సంతలో దూడను చూసినట్టు, చుట్టూ తిరక్కుండానే. "పెండ్లి కాని పిల్లోళ్ళనే తీసుకుంటారు, ముప్పైకి లోపల. అమ్మ అయితే ఊరికిపోయి టమాటా కోయాల. అక్క అయితే ఏసీలో కూర్చోవచ్చు. నువ్వే చెప్పుకో, ఎవరనేది. కాగితాల సంగతి నేను చూసుకుంటా."

మునెమ్మ అప్పటికప్పుడు చెప్పలేదు. హాస్టల్ స్నానాల గదిలోకి వెళ్ళి తాళి తీసింది. మెట్టెలు ఊడి రాలేదు. సబ్బు రాసి తిప్పితే వచ్చాయి. వాటి కింద చర్మం తెల్లగా, లేతగా, ఇన్నాళ్ళూ ఎవరూ చూడని పసిబిడ్డ చర్మంలా ఉంది. బయటికి వచ్చి కూతురితో చెప్పింది: "నాకు ఇరవైనాలుగు. పేరు అమృత. బయట అమ్మా అని పిలవద్దు. లోపల కూడా వద్దు, నోరు అలవాటు పడాల."

మొదటి వారం శోభన ఏడ్చింది. "అమ్..." అని సగంలో మింగి "అక్కా" అనేది. ఆ మింగిన సగం ఆమె గొంతులో కదలడం మునెమ్మకు కనిపించేది. తరువాత కనిపించడం మానేసింది.

ఎందుకంటే మునెమ్మకు తీరిక లేదు. ఆమె యవ్వనంలో ఉంది. తెల్లటి గౌను, తెల్లటి టోపీ, ముసుగు పైన రెండు కళ్ళు. ఆవగింజంత మరల్ని పట్టుకారుతో ఎత్తి బిగిస్తుంటే, బెల్టు మీద నల్లటి అద్దాలు నదిలా జారిపోయేవి. ప్రతి అద్దంలోనూ ఒక క్షణం ఎవరో కొత్త పిల్ల తొంగిచూసి వెళ్ళేది. పక్క సీటు మీనా గుసగుసగా అడిగేది: "అమృతక్కా, నీకు లవ్వు లేదా?" "ఉండాది, వానికే ఇంకా తెలీదు," అనేది మునెమ్మ. లైనంతా నవ్వేది. జీతం వచ్చిన రోజు చుడీదార్ కొనుక్కుంది. అది వేసుకుని బస్టాండు దాకా నడిస్తే, కాళ్ళు రెండూ వేరువేరని అప్పుడే తెలిసినట్టయింది. ప్లాట్లు వేసి వదిలేసిన ఖాళీ మైదానంలో స్కూటీ నేర్చుకుంది. వాన కొడుతున్నా దిగలేదు. పదిహేడో ఏట ఎక్కడో ఆగిపోయిన నడక మళ్ళీ అక్కడినుంచే మొదలైనట్టుండేది.

హాస్టల్ వదిలి ఈ ఒంటిగది ఇంటికి మారాక, వారానికొకసారి శోభన ఆమె తల వెనక భాగానికి రంగు వేసేది. వేలికొసలు నల్లబడేవి. "కదలొద్దక్కా," అనేది. ఆ మాటలో అప్పటికి తడబాటు లేదు.

శక్తి ఆ లైనుకు పెద్ద. నెమ్మదస్తుడు. శోభన మీద మనసు పడ్డాడు. కృష్ణగిరిలో వాళ్ళకు మామిడి తోట, ఎరువుల అంగడి ఉన్నాయి. అలా వచ్చింది ఆదిలక్ష్మమ్మ ఈ ఒంటిగది ఇంటికి, ఈ చాప మీదికి.

ఇప్పుడామె కాఫీ తాగుతూ, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, పెళ్ళి పనుల గురించి మాట్లాడుతోంది.

"వచ్చే ఆదివారం ఈడనే వక్కాకు మార్చుకుని పెండ్లి ఖాయం చేసుకుందాము. దానికి ముందు మీ అమ్మకు చీర పెట్టాల. కన్నతల్లికి చెప్పకుండా శుభకార్యం చేస్తే నాకు మనసొప్పదు. చీర నేనే తెస్తా."

అటువైపు పెళ్ళికి ముందు పోయిన పెద్దలకు కొత్త బట్టలు పెడతారు. వాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో వడ్డించి, నోరారా పిలిచి, గది తలుపు మూసి అందరూ బయటికి వచ్చేస్తారు. పోయినవాళ్ళు వచ్చి తిని, దీవించి పోతారు. ఆ చీరను తరువాత ఇంటి పెద్దకూతురు కట్టుకుంటుంది.

"మీ అమ్మకు ఏమంటే ఇష్టం?" అని అడిగింది ఆదిలక్ష్మమ్మ.

మునెమ్మ కూతురి జవాబు కోసం చూసింది. శోభన ఆలోచించలేదు. "సద్ది సంగటి, పచ్చిమిరపకాయ."

"ఎంత సాదా మనిషో పాపం," అంది ఆదిలక్ష్మమ్మ.

అది ఇష్టం కాదు. కూతురికి వేడి అన్నం పెట్టాక మిగిలేది అదే. మునెమ్మ గ్లాసులు ఎత్తుకుని వెళ్ళిపోయింది. వెనకనుంచి ఆదిలక్ష్మమ్మ గొంతు వినిపించింది: "నువ్వు కూడా తయారుగా ఉండు అమృతా. మా ఆడబిడ్డ కొడుకు ఒకడుండాడు, ముప్పైరెండు. ఈ పెండ్లి కానీ, నీ పని చెప్తా." అందరూ నవ్వారు. శోభన కూడా.

వాళ్ళు బస్సెక్కి వెళ్ళాక మునెమ్మ గుమ్మంలో కూర్చుంది.

"ఎట్లా చచ్చిపోయినాను?"

శోభన చాప చుట్టి గోడకు నిలబెట్టింది. "పాము కరిచి. టమాటా తోటలో."

"జొరం అనుంటే సరిపోయేది కదే. పామెందుకు."

"ఏమో. అట్లా వచ్చేసింది నోట్లో. హాస్టల్లో మొదటి రోజు మీనా వాళ్ళు అడిగినారు, మీ అమ్మ యాడ ఉండాది, ఫోన్ చెయ్యదేమి అని. నువ్వు పక్క గదిలో అమృత అయి కూర్చుంటివి. నేనేమి చెప్పేది?"

"మొదటి రోజే." మునెమ్మ ఆ మాటను మళ్ళీ అనుకుంది. నాలుగేళ్ళు. తను స్కూటీ మీద వానలో తడిసిన రోజు కూడా చచ్చే ఉంది. "ఏడ్చినావా, చెప్పేటప్పుడు?"

"ఏడ్చినాను. నిజంగానే వచ్చింది ఏడుపు."

వీధిలో ఎవరో బండి స్టార్టు చేసుకుని పోయారు.

"పిలవద్దంటిని గాని చంపమంటినా శోభనా."

శోభన జారుతున్న చాపను మళ్ళీ గోడకు ఆనించింది.

"నీ పెండ్లిలో నేను నీ తల్లిగా నిలబడాల. పని పోతే పోనీ. నేను మళ్ళీ టమాటా కోసుకుంటా. వక్కాకు మార్చుకునే లోపల వాళ్ళకు నిజం చెప్పు. నీ నోటితో చెప్పాల. నేను చెప్తే బాగుండదు."

"శక్తికి చెప్తాలే," అంది శోభన. "ఆదివారం లోపల చెప్తా." దగ్గరికొచ్చి మునెమ్మ భుజం మీద గడ్డం ఆనించింది, చిన్నప్పటిలా. మునెమ్మ నమ్మింది.

ఆ వారమంతా ఆమె బస్సులో, లైనులో, క్యాంటీన్లో కూతురి మొహమే చూసింది. శక్తి ఎదురైనప్పుడు అతని చూపులో ఏదైనా మారిందా అని వెతికింది. "ఏమక్కా, బాగుండావా?" అనేవాడు మామూలుగా. శోభనను అడిగితే "చెప్తా అంటిని కదా" అనేది. పనిలో ఉన్నప్పుడు కూడా మునెమ్మ మనసులో ఒక చీర అంచు కుట్టుకుంటూ ఉంది. పెళ్ళికూతురి తల్లి కట్టుకునే చీర. ఏ రంగని తేల్చుకోలేకపోయింది. మామిడి చిగురు రంగు అయితే బాగుంటుందనుకుంది.

ఆదివారం ఉదయం కారు దిగిన ఆదిలక్ష్మమ్మ చేతిలో కొత్త చీర ఉంది. ఆమె శక్తిని, ఇద్దరు బంధువులను వెంటబెట్టుకుని వచ్చింది. ఆడపిల్ల వైపు పెద్దమనిషిగా కూర్చోవడానికి సెల్వరాజ్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. వస్తూనే మునెమ్మ చెవి దగ్గర "గమ్మునుండు" అన్నాడు.

శోభన చెప్పలేదని మునెమ్మకు ఆ చీర చూడగానే అర్థమయింది.

"మీ అమ్మ ఫొటో యాడ?" అంది ఆదిలక్ష్మమ్మ.

"లేదత్తా," అంది శోభన. "అక్క మొగం అచ్చం మా అమ్మదే."

గోడవార ఇత్తడి చెంబు పెట్టి పసుపు, కుంకుమ రాశారు. చీరను మడతల మీద దాని ముందు ఉంచారు. దీపం మునెమ్మ చేతనే వెలిగించారు. ఆకులో అన్నం, పప్పు, వడలు, పాయసం, ఒక పక్కన సద్ది సంగటి, పచ్చిమిరపకాయ. సాంబ్రాణి పొగ రేకుల దాకా లేచి, అక్కడ దారి దొరకక కిందికి దిగింది.

"పిలువమ్మా. చిన్నబిడ్డ పిలిస్తే తల్లి ఉండలేదు," అంది ఆదిలక్ష్మమ్మ.

శోభన చెంబు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె వీపు మునెమ్మ వైపు ఉంది.

"అమ్మా," అని పిలిచింది. "అమ్మా, రా. వచ్చి తిను."

నాలుగేళ్ళ తరువాత ఆ మాట శోభన నోట పలికింది. మునెమ్మ గొంతు దానంతటదే తెరుచుకుంది. "వచ్చినా" అనే మాట పళ్ళ దాకా వచ్చి ఆగింది. కూతురు ఇత్తడి చెంబును పిలుస్తోంది.

అందరూ బయటికి నడిచారు. ఆదిలక్ష్మమ్మ తలుపు దగ్గరికి వేసింది. మునెమ్మ బయటికి వెళ్ళలేదు. ఆమె తలుపు వెనక నిలబడి ఉండటం ఎవరూ గమనించలేదు.

గదిలో దీపం ఒక్కటే. చీర విప్పి చూసింది. మామిడి చిగురు రంగు కాదు, ముదురు నీలం. భుజాల మీదుగా కప్పుకుంది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. ఆకు ముందు కూర్చుని మొదట పాయసం తాగింది, తరువాత వడ తిన్నది. పప్పూ అన్నం కలుపుకుంది. సంగటి ముట్టలేదు. ఎవరూ తొందరపెట్టకుండా, ఎవరికీ మిగల్చకుండా తిన్నది.

లోపలికి వస్తున్నట్టు పోయినవాళ్ళకు తెలిసేలా ఆదిలక్ష్మమ్మ బయట చప్పట్లు కొట్టి, కాసేపు ఆగి, తలుపు తీసింది.

"అమృతా. ఏమిదమ్మా?"

"అమృత కాదు," అంది మునెమ్మ. చేయి ఇంకా ఆకులోనే ఉంది. "నేను మునెమ్మను. దాని తల్లిని. నేను చావలేదు."

సెల్వరాజ్ రెండడుగులు వెనక్కి వేశాడు. శక్తి శోభన వైపు చూశాడు. మునెమ్మ కూడా శోభన వైపే చూసింది. ఇప్పుడు ఒక్క మాట చాలు. అవును అంటే చాలు. తల ఊపినా చాలు.

శోభన మొహంలో రక్తం లేదు. పెదవులు కదిలాయి. ఆమె ఒకసారి శక్తిని చూసింది. తరువాత నెమ్మదిగా చేతులు జోడించి, నేల మీదికి వంగింది.

"అమ్మా, వచ్చినావా," అంది. ఇందాక చెంబును పిలిచిన గొంతుతోనే. "అక్క మీదికి వచ్చినావా."

ఆదిలక్ష్మమ్మ ఒళ్ళు జలదరించింది. "కర్పూరం తే శక్తీ," అంటూ మునెమ్మ కాళ్ళ మీద పడింది. "తల్లీ, పిలిచిన వెంటనే వచ్చినావు. ఎంగిలి చేసి పోతావనుకుంటిమి. కడుపు నిండా తిన్నావు."

"నేను చావలేదమ్మా," అంది మునెమ్మ. "నేను మనిషినే."

"చావలేదు తల్లీ. నీలాంటోళ్ళు యాడ చస్తారు. బిడ్డలనే కనిపెట్టుకుని ఉంటారు. ఈ పెండ్లి నీకు సమ్మతమేనా?"

ఏం చెప్పినా ఆ పొగలో కలిసిపోతుందని మునెమ్మకు తెలిసింది. శోభన నుదురు ఆమె పాదాల మీద ఉంది. వేడిగా తడి తగులుతోంది. అది నిజమైన ఏడుపేనని ఆమెకు తెలుసు. మొదటి రోజు కూడా అది నిజంగానే ఏడ్చిందట.

"ఏమన్నా కోరుకో తల్లీ. ఏది కావాలంటే అది పెడతాము."

మునెమ్మ ఆకులోంచి చేయి తీసింది. బయట ఫ్యాక్టరీ బస్సు ఆగి, ఎవరినో దింపి వెళ్ళింది.

"ఇంకొకసారి పిలవమను," అంది.

"పిలువమ్మా శోభనా."

శోభన తల ఎత్తలేదు. "అమ్మా," అంది, పాదాలకే.

ఆదిలక్ష్మమ్మ కర్పూరం హారతి తిప్పింది. చెంబులో నీళ్ళు అరచేతిలో పోసుకుని మునెమ్మ మొహాన మూడుసార్లు చిలకరించింది. నీళ్ళు కనుబొమ్మల మీదుగా జారి నీలం చీర మీద పడ్డాయి. అందరూ ఆమె కళ్ళలోకి చూస్తూ నిలబడ్డారు. శోభన కూడా తలెత్తి చూసింది. ఆ చూపులో బతిమాలడం ఉంది, భయం ఉంది. ఇరవైరెండేళ్ళ క్రితం రాయకోట ఆసుపత్రిలో మొదటిసారి విప్పిన కళ్ళే అవి.

"పోయిందామ్మా?" అంది ఆదిలక్ష్మమ్మ మెల్లగా. "మీ అమ్మ పోయిందా?"

"పోయిందత్తా," అంది అమృత.