నడుమెత్తు కంచె

కువైట్‌లోని అహ్మదీలో ఆయిల్ కంపెనీ తన ఉద్యోగుల కోసం కట్టించిన పాత పేట ఒకటుంది. ఇంటిచుట్టూ తోట, తోటచుట్టూ నడుమెత్తు పచ్చని కంచె. ప్రహరీలు కట్టకూడదని అక్కడి పాత నియమం. ఆ వీధి కంచెలు కత్తిరించే తోటమాలి మా చినబాబు. మా ఇద్దరిదీ అమలాపురం వైపు ఒకే ఊరు, ఇక్కడ పక్కనున్న ఫహాహీల్‌లో ఒకే గది. మహా మొండి వెధవ. కంచె కాస్త ఎత్తు పెరిగితే చాలు, వాడికి అన్నం సహించేది కాదు.

"ఎడారిలో నీకెందుకురా ఈ సోకులు?" అని ఎగతాళి చేసేవాణ్ణి.

"నీకేం తెలుసెహె! పెరటివైపు ఇద్దరు ఆడపిల్లలున్నార్రా," అన్నాడోసారి.

పక్కపక్క ఇళ్ళలో పనిచేసే రూతమ్మ, నాగదుర్గల సంగతి అది. రూతమ్మని గేటు దాటనివ్వరు, ఫోనూ ఇవ్వరు. రాజోలులో మంచంపట్టిన రూతమ్మ తల్లి కబురు నాగదుర్గ ఫోనుకే వచ్చేది. బట్టలు ఆరేసే వేళ కంచెమీదుగా చెప్పుకునేవాళ్ళు. రూతమ్మకి కువైట్‌లో మనిషి తోడంటే ఆ కాసేపే.

తరవాత ఆ నియమం సడలింది. రూతమ్మ పనిచేసే ఇంటి మామా, అంటే యజమానురాలు, గోడ కట్టిస్తానంది.

"వద్దు మామా, వీధి అందమంతా పోద్ది," అని చినబాబు వచ్చీరాని అరబ్బీలో బతిమాలాడు. ఆవిడ కోప్పడలేదు. ఇరాక్ ఆక్రమణ రోజుల్లో సైనికులు ఆ కంచె దాటే ఇంట్లోకి వచ్చారని చెప్పింది. కంచె వాడిచేతే పీకించారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

గోడమీదికి కాగితంపూల తీగ పాకించారు. అది అల్లుకున్నాక చినబాబుకి దారి దొరికింది. నిచ్చెనెక్కి, కత్తెర ఆడిస్తూ, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేసేవాడు. కత్తెర చప్పుడు ఆగిందా, మామా వంటగది కిటికీలోంచి "యల్లా!" అని పని తొందరపెడుతూ అరిచేది.

ఒకరోజు పొద్దున్నే అవతల నాగదుర్గ ఏడుస్తూ కబురు చెప్పింది. వాడు ఇవతలికి వంగాడు.

"అమ్మా రూతూ, మీ అమ్మ ప్రభువు దగ్గరికెళ్ళిపోయిందంటమ్మా."

రూతమ్మ తడిబట్ట నోట్లో కుక్కుకుని గోడవారన కూలబడిపోయింది.

"నువ్వెళ్ళిపోకు బాబాయ్," అంది.

వాడు వెళ్ళలేదు. ఆ పిల్ల ఏడుపు తీరేదాకా కత్తెర ఆపలేదు. ఆకులూ పూలూ కొమ్మలూ ఆమెమీద రాలుతూనే ఉన్నాయట.

ఆమె కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళాక మామా వచ్చి చూసింది. తీగ మోడై ఉంది. పిచ్చివాడా అని అర్థం వచ్చేలా "మజ్నూన్!" అని తిట్టింది. వీడు తలవంచుకుని "సారీ మామా" అన్నాడు.

గదికొచ్చి ఇదంతా చెబితే నాకు ఆగలేదు. "నిజం చెప్పెయ్యొచ్చుగా, నోట్లో నాలుక లేదా నీకు?" అని అరిచాను.

"చెబితే ఆ పిల్లని పెరట్లోకే రానివ్వర్రా."

కంచం ముందు కూర్చున్నాడే గాని ముద్ద ముట్టలేదు. కత్తెర పట్టి బొబ్బలెక్కిన అరచేతులు చూసుకుంటూ అన్నాడు.

"అంతా కొట్టేశాన్రా. మళ్ళీ చిగురేసేదాకా అక్కడ నిచ్చెన వెయ్యడానికి ఏ వంకా లేదు."