ఎండిన చెరువుకు నీళ్ల బండి

"నీళ్లు పోయకుండా మోటారు ఏసినోడు బాగుపడినట్ల యాడన్నా విన్యావా నువ్వు?"

చెన్నకేశవులు నా జవాబు కోసం ఆగలేదు. అరుగు మీద కాళ్లు మడిచి కూర్చుని, చేతిలోని టీ గ్లాసునే మోటారు చేసి చూపించడం మొదలుపెట్టాడు.

"ఇదిగో, బావికాడ మోటారుండాది. పైపులో నీళ్లు లేవు. అట్లే స్విచ్చు ఏస్తివనుకో, ఏమైతాది? ఉత్త గాలి మింగి, వేడెక్కి, కాలి బొగ్గయితాది. అందుకే ముందు నీళ్లు, తర్వాత మోటారు. నాకు మీసాలు రాకముందు నుంచి ఇదే చేస్తాండా. ఇంక నా తప్పు యాడుండాదో నువ్వే చెప్పు."

"నీ తప్పు కొట్టంలో ఉండాది, పట్ట కప్పుకొని," అంది ఆయన భార్య మునెమ్మ లోపలినుంచి.

పెనుకొండ నుంచి గోరంట్ల పోయే దారిలో పక్కకు తిరిగితే వస్తుంది వాళ్ల ఊరు. కాస్త మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, గూళ్లు పండితే హిందూపురం మార్కెట్టు. ఇంతవరకూ చెన్నకేశవులు అందరిలాంటి రైతే. కానీ ఊర్లో ఆయన్ని మోటారు కేశవులంటారు. ఎవరి బావిలో మోటారు మొరాయించినా ఆయన్నే పిలిచేవాళ్లు. ఆయన వెళ్లి, దాని పొట్టకు చెవి ఆనించి, కాసేపు కళ్లు మూసుకుని, "దీనికి దప్పికయిందప్పా" అని చెంబుతో నీళ్లు పోసేవాడు. చాలాసార్లు రోగం అదే, మందూ అదే. రోగం వేరయినప్పుడు కూడా ఆయన నీళ్లే పోసేవాడు. అప్పటికీ తిరగకపోతే మోటారుకు ఆయుష్షు తీరిందని తేల్చి ఇంటికి వచ్చేవాడు.

అలాంటి మనిషి ఒక వేసవిలో, చెరువు నోరు తెరుచుకుని బీటలు పడి ఉన్న రోజుల్లో, గూళ్లు అమ్ముకోవడానికి హిందూపురం వెళ్లాడు. అమ్మకం అయ్యాక గూళ్ల బ్రోకరు పవన్ కుమార్ టీ తాగుదాం రమ్మని తన గోడౌనుకు తీసుకెళ్లాడు. అక్కడ గోనెసంచుల వెనక, దుమ్ము కొట్టుకుని, ఎర్రగా ఒకటి కనిపించింది.

"ఏం బండప్పా ఇది? చక్రాలు యాడ?"

"చక్రాలుండవు. నీళ్లమీద పోయే స్కూటరు. డ్యాముకాడ రిసార్టు మూసేస్తే తెచ్చి పెట్టినా. అట్లాంటిట్లాంటిది కాదు, సూపర్ చార్జరుండాది."

"అంటే?"

"కొలిమికాడ తిత్తి ఉంటాది కదా, అట్ల గాలిని ఇంజనులోకి ఊదుతాది. ఊదితే మంట ఎక్కువ. మంటెక్కువైతే పరుగెక్కువ."

చెన్నకేశవులుకు పరుగు మీద ఆశ లేదు. ఆయన ఊరికే వంగి, దాని కడుపు కిందకు చూశాడు. కింద ఒక జాలీ ఉంది. వెనకవైపు గొట్టం ఉంది. ఆ గొట్టంలో, తను పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చూస్తున్న ముఖంలాగా, ఇత్తడి రెక్కల చక్రం ఒకటి మెరుస్తోంది. ఆయన నేలమీద పడుకుని వేలితో దాన్ని తిప్పాడు.

"ఇది బండి కాదే!" అన్నాడు కిందనుంచి. "పంపు! కింద నీళ్లు పీలుస్తాది, వెనక చిమ్ముతాది. ఓరి నీ పాసుగాల, ఎక్కి కూర్చునే పంపు!"

ఇన్నేళ్లుగా ఆయన చూసిన మోటార్లన్నీ ఉన్నచోటే ఉండి, నీళ్లను ఊరంతా తిప్పాయి. నీళ్లను వెనక్కి తోసి తానే ఊరు తిరిగే మోటారు ఒకటి ఈ భూమ్మీద ఉందని తెలిశాక, ఆయన చేతిలోని గూళ్ల దుడ్లు ఆ పూట ఇంటికి చేరలేదు.

నీళ్ల స్కూటరు మాత్రం పికప్‌లో చేరింది. పెనుకొండలో టీ కోసం ఆపితే జనం మూగారు. ఒకాయన, "ఏ సర్కసుదప్పా?" అన్నాడు. ఇంకొకాయన చక్రాలకోసం వంగి చూసి, "పాపం, టైర్లు ఎత్తుకుపోయినారు" అని జాలిపడ్డాడు. ఊరి చెరువు కట్టమీదుగా వస్తున్నప్పుడు లోపల మేస్తున్న గొర్రెలు తలలెత్తి చూశాయి. ఆ చెరువులో అప్పుడు నీళ్లకు బదులు గొర్రెలే ఉన్నాయి.

మునెమ్మ గడపలో నిలబడి, బండి దింపేదాకా చూసింది. దింపాక అడిగింది.

"దీన్ని యాడ తోల్తావు?"

"చెరువులో."

"యా చెరువు?"

"మన చెరువే. నిండదా ఏందే ఎప్పటికైనా?"

"తాగే నీళ్లకు ట్యాంకరుకాడ బిందెలతో కొట్టుకుసస్తాంటిమి. ఈయన ఓడ తెచ్చినాడు!" కొంగు బిగించింది మునెమ్మ. "సరే, నా మాట కూడా విను. చెరువు నిండిననాడు ఇది దేవుని పనికో మనిషి పనికో ఒక్కసారి అక్కరకొస్తే ఉంచుకో. రాలేదా, మర్నాడే పాత ఇనుము కింద గుజిరీకి ఏస్తా. అప్పుడు నువ్వు అడ్డం పడినా ఎయ్యకపోతే నేను మునెమ్మనే కాదు."

చెన్నకేశవులు దేవుని సాక్షిగా ఒప్పుకున్నాడు. చెరువు నిండే సూచన ఏదీ లేదు కాబట్టి ఒప్పుకోవడం తేలికే అయింది.

ఆ తర్వాత అది కొట్టంలో, ఎనుము పక్కన, కాపురం పెట్టింది. సీటు కింద సామాన్ల పెట్టెలో ఒక కోడిపెట్ట పొదుగుకు కూర్చుంది. కూతురు ప్రశాంతి ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. సెలవురోజుల్లో తండ్రీకూతుళ్లు కలిసి పెట్టను బతిమాలి లేపి, ఆయిలు మార్చి, బ్యాటరీ చార్జింగు పెట్టేవాళ్లు. రిసార్టులో దాన్ని నడిపిన మనిషి నెంబరు పట్టుకుని, ఫోనులో అడిగి అన్నీ తెలుసుకుంది ఆ పిల్ల. ఊదే యంత్రం లోపలి వాషర్లు అరుగుతాయని, అవి విరిగి ఇంజనులో పడకముందే మార్చాలని, మామూలు పెట్రోలు పోయకూడదని, ఇంకా ఒక సంగతి.

"నాయనా, గొట్టం పెట్టి లోపల కడిగేటప్పుడు ముందు ఇంజను స్టార్టు చేయాలంట. తర్వాతే నీళ్లు ఇడ్సాలంట. ఆపేటప్పుడు ముందు నీళ్లు ఆపి, తర్వాత ఇంజను."

చెన్నకేశవులు నవ్వాడు. ఎంతగా నవ్వాడంటే పెట్ట పెట్టెలోంచి దిగిపోయింది.

"ఎండు మోటారు తిప్పమంటాడా? ఎవడో పట్నమోడు నిన్ను ఆటపట్టించినాడు పాపా."

ఎవరూ అనుకోని ఏడాది వానలు పట్టుకున్నాయి. చెరువు నిండింది. నిండడమే కాదు, మరువ పారింది. కట్ట పక్కన అదనపు నీళ్లు పొర్లిపోయే ఆ చప్పుడు వినడానికి జనం అన్నాలు మానుకుని వెళ్లారు. మరువ పారితే ఆ ఊర్లో గంగమ్మకు సారె ఇవ్వాలి. ఒక ముత్తయిదువ చాటలో చీర, పసుపు, గాజులు పెట్టుకుని, చెరువు నడిమధ్యకు పోయి నీళ్లకు అప్పగించాలి. ఆమెను తీసుకుపోయేది ఎప్పుడూ ఊర్లో నాగప్ప నడిపే పుట్టి, అంటే బుట్టపడవే. కానీ వెదురుబద్దల ఆ పుట్టి ఇన్నేళ్లూ పెరట్లో వేలాడి వేలాడి, దించబోతే చెద మాత్రమే చేతికొచ్చింది.

"సారె నా బండిమీద పోతాది!" అని చెన్నకేశవులు పదిమందిలో లేచి నిలబడ్డాడు.

"నీ బండిమీద పొదుగుకోడి పోతాదిలేప్పా," అన్నాడు నాగప్ప. నవ్వినవాళ్లలో మునెమ్మ కూడా ఉంది.

మాట ఇచ్చేశాడు. ధర్మవరం బస్సెక్కి గంగమ్మకు నేరేడుపండు రంగు పట్టుచీర కూడా తెచ్చేశాడు. ఇక సారె చేరితే బండి నిలుస్తుంది. చేరకపోతే ఊరిముందు మాట పోతుంది, మర్నాడు బండీ పోతుంది. గుజిరీవాడు అప్పటికే ఒకసారి కొట్టంలోకి తొంగిచూసి, కొలతలు మనసులో వేసుకుని వెళ్లాడు.

పూజ రేపనగా, చెరువులో దించేముందు కోడి ఈకలూ దుమ్మూ పోయేలా లోపల కడుగుదామని చెన్నకేశవులు బోరు గొట్టం తెచ్చి బండికి తగిలించాడు. కూతురి మాట గుర్తురాకపోలేదు. కానీ చెయ్యి వేరు, చెవి వేరు. చెవి విన్నది చెయ్యి చేయదు. చెయ్యి తన అలవాటు ప్రకారం ముందు కొళాయి తిప్పింది.

"తాగు తల్లీ, బాగా తాగు," అన్నాడు ఆయన, దాని సీటు నిమురుతూ. అది బాగానే తాగింది. తర్వాత బటను నొక్కాడు. 'టక్' మంది. అంతే. మళ్లీ నొక్కాడు. ఆ 'టక్' కూడా లేదు.

ఆయన అలవాటుగా దాని పొట్టకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "దీనికి ఇంకా దప్పిక తీరలేదు" అన్నాడు. చెంబు కోసం చుట్టూ చూస్తుండగానే షిఫ్టు దిగి ప్రశాంతి వచ్చింది. గొట్టం చూసింది, తండ్రి ముఖం చూసింది.

"నాయనా! ముందు నీళ్లు ఇడ్సినావా?"

"... కొంచెమే పాపా."

"ఇంజను ఆగి ఉంటే ఆ నీళ్లు బయటికి పోవు నాయనా. పొగ గొట్టం నిండి, వెనక్కి తిరిగి ఇంజనులోకి పోతాయి. దీనికి దప్పిక కాదు, జలోదరం!"

ఆ సాయంత్రం వాకిట్లో పెద్ద వైద్యమే జరిగింది. ప్రశాంతి స్పార్కు ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టింది. సంగతి తెలిసి నాగప్ప పరామర్శకు వచ్చాడు, పరామర్శంటే, బాగా దగ్గరగా వంగి, "ఏమప్పా, పాయనా ఇంక?" అని ఆ రంధ్రాల్లోకి చూడడం. సరిగ్గా అప్పుడే ప్రశాంతి, "నొక్కు నాయనా!" అంది. చెన్నకేశవులు నొక్కాడు. లోపలున్న నీళ్లన్నీ ఫిరంగిలాగా లేచి నాగప్ప ముఖం కడిగి, మీసం దువ్వి, వెనకున్న ఎనుమును కూడా తడిపాయి.

"ఉండాది ఇంకా," అన్నాడు చెన్నకేశవులు వినయంగా.

నీళ్లన్నీ కక్కించి, ఆయిలు చల్లి, ప్లగ్గులు బిగించి, మళ్లీ నొక్కితే అది రెండుసార్లు దగ్గి, మూడోసారి గర్జించింది. ఎనుము తాడు తెంపుకుని పోయింది. చెన్నకేశవులు కళ్లు తుడుచుకున్నాడు, పొగ వల్లనని చెప్పాడు.

మర్నాడు ఊర్లోని ముత్తయిదువలందరికీ ఒక్కసారే నడుంనొప్పి వచ్చింది. పుట్టయితే ఎక్కుతారట, గర్జించేది ఎక్కరట. చివరికి అందరి చూపూ మునెమ్మ మీద పడింది. ఆమె మొగుడివైపు ఒక్క చూపు చూసి, ఇంట్లోకి పోయి, పిల్లలు బావిలో ఈత నేర్చుకునేటప్పుడు కట్టే ఎండు సొరబుర్రలు తెచ్చి నడుము చుట్టూ కట్టుకుంది. పైన తన పట్టుచీర. ఒళ్లో సారె చాట. రిసార్టు నుంచి వచ్చిన తేలే కోటు ఒకటే ఉంది. అది చెన్నకేశవులుకే బిగుతు.

పోయేటప్పుడు ఆయన బండిని బాలింతను నడిపించినట్టు నడిపించాడు. నడిమధ్యకు చేరారు. మునెమ్మ దండం పెట్టి, చీర, పసుపు, గాజులు ఒక్కొక్కటే నీళ్లలో వదిలింది. పని అయింది, మాట నిలిచింది. తిరిగి వస్తుండగా కట్టమీదనుంచి నాగప్ప గొంతు వినిపించింది.

"ఏమప్పా కేశవులు! నా పుట్టి ఇంతకంటే బిరీన పోయేది కదప్పా!"

"అననీలే," అన్నాడు చెన్నకేశవులు.

మునెమ్మ వినడమే కాదు, ఒళ్లంతా బిగించింది. నిన్నటిదాకా తిట్టింది ఆమే. కానీ తన మొగుడి బండిని తను తిట్టడం వేరు, నాగప్ప తిట్టడం వేరు.

"ఇంతేనా దీని ఊపిరి?" అంది. "ఊదుతాది ఊదుతాది అంటివే, ఊదించు!"

ఆయన ఊదించాడు. తిత్తి కూత పెట్టింది. బండి ముక్కు పైకి లేచింది, వెనక నీళ్లు తోకలాగా లేచాయి, సొరబుర్ర ఒకటి తెగి ఎగిరిపోయింది, జుట్టు ముడి వీడింది. "గంగమ్మా!" అన్న మునెమ్మ కేక కట్టమీది జనానికి కొండకు తగిలి రెండుసార్లు వినిపించింది.

"వచ్చింది! మునెమ్మ మీదికి అమ్మవారు వచ్చింది!" అని పూజ సామాన్లతో నిలబడ్డ శంకరమ్మ వేపమండలు పట్టుకుని ఒడ్డుకు పరుగెత్తింది. బండి ఒడ్డు చేరేసరికి మునెమ్మ జుట్టు విరబోసుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, రొప్పుతూ కూర్చుని ఉంది. శంకరమ్మ పసుపునీళ్లు చల్లి చేతులు జోడించింది.

"తల్లీ, ఏం తక్కువ చేసినాము? ఏం కావాల్నో అడుగు!"

మునెమ్మ ఊపిరి పీల్చుకుంది.

"ఇంకొక్క చుట్టు," అంది.

అమ్మవారి మాటకు ఎదురేముంది? బండిని తిప్పి నీళ్లలోకి తోసినవాళ్లలో నాగప్ప మొదటివాడు. ఆనాటినుంచి మరువ పారితే గంగమ్మకు రెండు చుట్లని ఊర్లో స్థిరపడిపోయింది. గుజిరీవాడు మళ్లీ వచ్చినప్పుడు అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది మునెమ్మే.

ఇప్పుడు బండిని కడిగేటప్పుడు కొళాయి దగ్గర ఆమె కూర్చుంటుంది. ఆయన స్టార్టు చేస్తే ఆమె తిప్పుతుంది. ఆమె కట్టేస్తే ఆయన ఆపుతాడు. ఆయన చెయ్యి ఇప్పటికీ అలవాటుగా ముందు కొళాయివైపే పోతుంది. దానిమీద దెబ్బ పడుతుంది.

టీ అయిపోయింది. నేను లేచాను. చెన్నకేశవులు, నేనుండే బెంగుళూరులో ఆ వాషర్లు ఎక్కడైనా దొరుకుతాయేమో చూడమని చెప్పి, పురుగులకు ఆకు వేయడానికి షెడ్డులోకి వెళ్లాడు. నేను చెప్పులు వేసుకుంటుండగా మునెమ్మ గడప దాటి వచ్చింది. ఆ రోజు ఇంకో చుట్టు అడిగింది అమ్మవారా, నువ్వా అని నెమ్మదిగా అడిగాను. ఆమె షెడ్డువైపు ఒకసారి చూసి, కొంగు ముడి విప్పి, మధ్యలో ముడివేసిన ఒక దారం నా చేతిలో పెట్టింది.

"ఇది నా కొలత నాయనా. ముడి వరకు చుట్టు, ఆపైన పొడుగు. ఈ బుర్రలు కట్టుకొని ఎన్నాళ్లని పోదును? నాకు సరిపోయే ఆ తేలే కోటు ఒకటి తెచ్చిపెట్టు. నేరేడుపండు రంగు దొరికితే మేలు. ఆయప్పకు మాత్రం చెప్పొద్దు."