అమావాస్య నాడు కట్టని ఎడ్లు

నేను చెప్తున్న, నా కోడలు రాస్తున్నది. నాకు అంకెలు వస్తయి గని అచ్చరాలు రావు. బీడీలు చేసేదానికి లెక్క రాకుంటే నడువదు. ఇరవై అయిదు బీడీలు పెట్టి కట్ట కట్టాలె, గంతవరకే నా చదువు. నడుమ నడుమ కోడలు “గిది రాయను అత్తమ్మా, మంచిగుండదు” అంటది. రాయి బిడ్డా అంట. రాస్తున్నదో లేదో దేవునికే ఎరుక.

మాది బోధన్. నా పెనిమిటి బతికున్నన్ని రోజులు చెరుకు బండి తోలిండు. ఎడ్ల బండి. ఆయన పోయి ఎనిమిదేండ్లు. ఒక్కడే కొడుకు, దుబాయ్‌ల సెంట్రింగ్ పని చేస్తడు. పెండ్లయినంక రెండు నెలలుండి పోయిండు. మల్ల సెలవు మీద వచ్చి పోయినంక కోడలు నీళ్లోసుకున్నది. ఇంట్ల మేమిద్దరమే, అత్తకోడండ్లం. ఎదురెదురుంగ కూసోని, చాటలు ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసుకుంట ముచ్చట పెట్టుకునేది.

సెలవుకు వచ్చినప్పుడు నా కొడుకు పెండ్లాం ఫోన్ల ఒక ఆట ఏసి పోయిండు. చేను ఆట. ఇద్దరికి కలిపి ఒక్క చేను. ఆయన దుబాయ్‌లకెళ్లి నీళ్లు పెడ్తడు, ఈమె ఈడికెళ్లి ఎడ్లు కట్టి దున్నుతది. ఇద్దరు దినాము వస్తే ఒక అంకె పెరుగుతది. ఒక్క దినం తప్పినా అంకె మల్ల ఒకటి కాడికొస్తది. నలభై దినాలు తప్పకుంట వస్తే చేను గట్టు మీద ఒక ఉయ్యాల ఇస్తరట. ఆ ఉయ్యాల గిప్పుడు కొన్ని దినాలే. గడువు దాటినంక ఎంత ఆడినా రాదు.

“బొమ్మ ఉయ్యాలకు గింత ఆత్రమేంది పిల్లా?” అన్న ఒకనాడు.

“దాని మీద ఇద్దరు కూసుంటరు అత్తమ్మా. ఒకటి ఆయన బొమ్మ, ఒకటి నా బొమ్మ. నిజంగ ఆయన వచ్చేటాలకు ఇంక రెండేండ్లు. అప్పటిదాంక గాడనన్న కూసుంటం కదా.”

నేను ఇంకో బీడీ చుట్టిన.

గని ఆ ఫోన్ టింగుమన్నదంటే చాలు, ఈ పిల్లకు కాళ్లు నిలువయి. అన్నం తినేది తినంగనే ఎంగిలి చేత్తోని లేస్తుండె. ఒకనాడు పప్పు మాడి ఇల్లంత వాసన.

“గా చేన్ల పండిన మక్కలు తెచ్చినవా, దంచుకొని తిందాం?” అని ఎక్కిరిచ్చిన.

“నవ్వకు అత్తమ్మా. ఇయ్యాల పోతే మల్ల రాదు.”

ఆ మాట నాకు కొత్త కాదు. చెరుకు కాలంల మేం గా మాట మీదనే బతికినం. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు చెరుకు కొట్టనీకి చిట్టి ఇస్తుండె. పలానా దినం కొట్టి తేవాలె. ఆ వంతు తప్పితే వరుసల ఎనుకకు పోతవు, చెరుకు చేన్లనే ఎండి బెండయితది. చిట్టి వచ్చిందంటే పీనుగు లేసిన ఇంట్ల గుడ బండి కట్టేటోళ్లు. అందుకే ఆ పిల్ల గుండె దడ నాకు తెలిసింది.

ఇంకొకటి గుడ సూసిన. ఇదివరకు మొగడు పెండ్లాలు ఫోన్ల గంట సేపు మాట్లాడుకునేది. ఆట మీద పడ్డంక మాటలు తక్కువైనయి. “ఏమన్నడే నా కొడుకు?” అంటే, “నీళ్లు పెట్టిండు అత్తమ్మా” అంటది. అనుకుంట సంబురంతోని మొఖం ఇంత చేసుకుంటది. సరే, ఒకరి చేనుకు ఒకరు నీళ్లు పెట్టుడు గుడ ఒక మాటనే కదా అనుకున్న.

తొమ్మిదో నెల పడ్డది. పిల్లకు కాళ్లు ఉబ్బినయి, బీపీ పెరిగింది. నిజామాబాద్ పెద్దాసుపత్రికి తోల్కపోతే మంచమిచ్చి పండవెట్టిండ్రు. తల్లి లేని పిల్ల, నేనే పక్కన ఉన్న. డాక్టరమ్మ వచ్చి, “ఫోన్ పక్కన పెట్టు, మనసు నిమ్మళంగ ఉంచుకో” అన్నది. అప్పటికి ముప్పై అయిదు దినాలైనయి. ఫోన్ నా చేతుల పెట్టి కోడలు కండ్ల నీళ్లు తీసింది.

“ఇంక అయిదు దినాలే అత్తమ్మా. నువ్వు జెయ్యి.”

“నాకేం తెల్సు బిడ్డా?”

“ఎడ్ల మీద ఏలు పెట్టు, చేను గీ కొసకెళ్లి గా కొసదాంక గుంజు. ఆరు సాళ్లు. అయిపోతే పచ్చ డబ్బ ఒత్తు. ఎర్ర గడియారం తిరుగుతుంటది సూడు, అది సున్న కాకముందు జెయ్యాలె. నడుమ బంగారం మూటలు, అదీ ఇదీ చూపిస్తది, ముట్టకు.”

మొదటి దినం నా ఏలు పెడితే ఎడ్లు కదులలే. తునికాకు కత్తిరిచ్చి కత్తిరిచ్చి నా ఏలి కొసలు బండబారినయి, ఆ ఫోన్‌కు నేను మనిషినన్నట్టే అనిపియ్యలే. ఏలు తడి చేసుకొని, కొంగుకు తుడుసుకొని, మల్ల పెడితే అప్పుడు కదిలినయి. పక్క మంచం కాడ వేల్పూర్ ఆమె ఉండె, బిడ్డ కాన్పుకు వచ్చింది. నన్ను సూసి ఒకటే నవ్వు.

“అక్కా, ఈ వయసుల నీకు ఆటలా?”

“నాది కాదు చెల్లె. కోడలి చేను. నేను జీతానికున్న.”

ఆమె బిడ్డ గుడ నవ్వింది. రెండో దినం మాత్రం మంచిగ చేసిన. సాళ్లు వంకర పోకుంట దున్నిన. నిజం చెప్పాలంటే నాకు గుడ పట్టుకున్నది. టింగుమంటే ఉలికిపడుడు, గడియారం ఎంతున్నదో సూసుడు. చాయ తాగుతుంటే గుడ మనసు గా ఎర్ర అంకెల మీదనే.

మూడో దినం కోడలికి ఆపరేషన్ అన్నరు. లోపటికి తీస్కపోయిండ్రు. నేను బయట వరండాల నిలబడ్డ. దేవుండ్లందరికి మొక్కుతున్న, మొక్కుకుంటనే ఇంకో చేతుల ఫోన్. నాలుగు సాళ్లైనయి, ఇంక రెండున్నయి. గప్పుడు తలుపు తెరిచి నర్సమ్మ వచ్చింది. చేతుల గుడ్డల చుట్టిన పసిగుడ్డు.

“ఆడపిల్ల. తీసుకో అమ్మా.”

నేను ఏమన్ననో తెల్సా? “ఒక్క నిమిషం బిడ్డా, ఈ సాలు అయిపోతది” అన్న.

గిది రాయనంటున్నది కోడలు. రాయి. నేనన్నది నేనే చెప్తున్న కదా.

ఆ నర్సమ్మ నా దిక్కు అట్లనే సూసింది. “ఏందమ్మా, పిల్లను పట్టుకోవా?” అన్నది. ఫోన్ కొంగుల ఏసుకొని రెండు చేతులు సాపిన. నా మనుమరాలు మొదటిసారి నా ఒళ్లెకు రావాల్నంటే, నేను ఆగమన్న. ఎందుకు? బొమ్మ ఎడ్ల కోసం. పిల్లను కోడలి పక్కన పండవెట్టినంక మిగిలిన రెండు సాళ్లు దున్నిన. అంకె ముప్పై ఎనిమిదైంది.

తెల్లారి, బిడ్డ కాన్పయి ఇంటికి పొమ్మన్న పక్క మంచం ఆమె మూట గట్టుకుంటదనుకుంటే కట్టుకోలే. “ఇయ్యాల అమావాస్య అక్కా. బాలింతను రేపు తోల్కపోతం” అన్నది.

ఫోన్ తీసి సూసిన. కొడుకు పొద్దుగాలనే నీళ్లు పెట్టిండు. ఎడ్లు చేను కొసకు నిలబడి ఉన్నయి. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. మా ఇంట్ల గుడ గట్లనే ఉండె.

మా ఆయన అమావాస్య నాడు బండి కట్టకపోతుండె. ఏ కాలమైనా, ఎవలు చెప్పినా కట్టకపోతుండె. ఒక ఏడు చెరుకు చిట్టి అమావాస్య నాడే పడ్డది. రైతు వచ్చి వాకిట్ల నిలబడి బతిలాడిండు, తర్వాత తిట్టిండు. ఆయన ఒక్కటే మాటన్నడు: “నెలకొక్కటే దినం వాటికి. గది గుడ గుంజుకుందుమా పటేలా?” ఆ రైతు ఇంకో బండి చూసుకున్నడు, ఆ ఏడంత మల్ల మమ్ముల పిలువలే. మూడు దినాలు నేను ఆయనతోని మాట్లాడలే. ఆయన ఎడ్లకు నీళ్లు పోసి కడిగి, కొమ్ములకు నూనె రాసి, వాటి పక్కన కూసోని బీడీ తాగిండు.

ఫోన్ల ఎడ్లు తోకలాడిస్తున్నయి. ఏలు తడి చేసుకున్న. పెట్టబోయిన. పెట్టలేకపోయిన. ఇవి బొమ్మలే అని నాకు తెల్సు. గని నిన్ననే ఒక పసిగుడ్డును ఆపిన చెయ్యి అది. గడియారం తిరిగి తిరిగి సున్న అయ్యేదాంక సూస్తనే ఉన్న. పొద్దుమూకి కొడుకు మొఖం కనపడే ఫోన్ చేసి బిడ్డను సూసి ఏడ్సిండు. ఆట ముచ్చట ఆయన తియ్యలే, నేను చెప్పలే.

తెల్లారి అంకె ఒకటి అని ఉన్నది. అంకెలు గుడ రాకుంటె ఎంత మంచిగుండు అనుకున్న.

కోడలు అడిగింది, “అయితున్నదా అత్తమ్మా?” అని. “అయితున్నది బిడ్డా” అన్న. అబద్దం. కుట్ల నొప్పిల ఉన్నది, ఎట్ల చెప్పాలె? ఆ మధ్యాహ్నమే, నలభై నిండినయని లెక్క పెట్టుకొని, “ఉయ్యాల వచ్చిందా? సూపియ్యి” అని చెయ్యి సాపింది. ఇగ దాచలేకపోయిన.

“అమావాస్య వచ్చింది బిడ్డా. ఎడ్లు కట్టలేకపోయిన.”

గోడ దిక్కు మొఖం తిప్పుకున్నది. భుజం కదులుతున్నది. నేను పిల్లను ఒళ్లె ఏసుకొని జోకొట్టిన. తర్వాత ఇటు తిరిగింది.

“పోయిన అమావాస్యకు నేను కట్టిన అత్తమ్మా.”

“నాకు చెప్పకపోతివి?”

“చెప్తే కట్టనిస్తువా? లోపటి అర్రకు పోయి, గొళ్లెం పెట్టుకొని దున్నిన.”

ఇద్దరం ఒకరి మొఖం ఒకరం సూసుకున్నం. ముందు నాకే నవ్వచ్చింది. “నవ్వియ్యకు అత్తమ్మా, కుట్లు గుంజుతున్నయి” అనుకుంట కడుపు పట్టుకొని నవ్వింది, నవ్వుకుంటనే కండ్లు తుడుసుకున్నది. గా కండ్ల నీళ్లు నవ్వుయి కావని నాకెరుకే.

పొద్దుమూకి కొడుకు ఫోన్ చేసిండు. కోడలే చెప్పింది. “అవ్వకు ఇయ్యి” అన్నడు.

“తప్పయింది కొడకా” అన్న.

“అవ్వా, బాపు ఉంటె కట్టుండునా?”

“కట్టకపోతుండె.”

“మరింక ఏంది?” ఇనప దుమ్ము పట్టిన అంగీ చేయితోని మొఖం తుడుసుకున్నడు. “పిల్లను జర మల్ల సూపియ్యి.”

ఉయ్యాల గడువు దాటిపోయింది, మల్ల రాలే. దాని తర్వాత నీళ్ల బాయి వచ్చింది, నెమలి వచ్చింది. అన్నిటికి నలభై దినాలే కావాలె. వీళ్లిద్దరు మల్ల మొదలు పెట్టిండ్రు. నేను వద్దనలే. ఆ తర్వాతి అమావాస్య నాడు సూస్తే ఆయన నీళ్లు పెట్టలే. ఈమె గుడ ఎడ్లు ముట్టలే. ఒకరికొకరు చెప్పుకోలేదట. నీళ్లు పెట్టే యాళ్లకు, పనికి పోయే బస్సులకెళ్లి ఆయన ఫోన్ చేసిండు. బస్సు ఆగేదాంక మాట్లాడుకున్నరు. పిల్ల తుమ్మిన ముచ్చట, పిల్ల నవ్విన ముచ్చట, నా మోకాళ్ల ముచ్చట.

అప్పటి నుంచి గంతే. వాళ్ల అంకె ఇరవై ఎనిమిది, మహా అయితే ఇరవై తొమ్మిది అయితది, అమావాస్య వస్తది, మల్ల ఒకటి. ఇరవై తొమ్మిది దినాలకు ఆ ఆటల ఏమియ్యరట. నెమలి లేదు, బాయి లేదు. కోడలికి ఇంక జర బాధనే ఉన్నది, లేదని నేను చెప్ప. ఎవలదన్న చేన్ల ఆ ఉయ్యాల కనపడితే అట్లనే సూస్తది.

ఇయ్యాల అమావాస్యనే. అందుకే ఈమెకు నా మాటలు రాసే తీరిక దొరికింది. మనుమరాలు చాటల కూసోని తునికాకులు చింపుతున్నది.

అగో, ఫోన్ మోగుతున్నది. కలం ఆడ పెట్టు బిడ్డా, పోయి మాట్లాడు. రాసుడు ఎటు పోదు.